గోడవైపు తిరగండి

సెప్టెంబరు 2, మంగళవారం

ఈ డైరీ విత్తనాల దుకాణంలో ఇచ్చారు. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఈ రోజు ఒక సంగతి ఎవరికీ చెప్పలేక ఇందులో రాస్తున్నాను.

పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్లు పచ్చగా ఉన్నాయి.

వసారాలో ఉన్నది పసుపు రంగు బల్బు. దానివల్ల కావచ్చు.

సెప్టెంబరు 3, బుధవారం

బల్బు మార్చాను. తెల్లది పెట్టాను.

అద్దం పాతది.

సెప్టెంబరు 4, గురువారం

పసరు రోజు. ముగ్గురు వచ్చారు. వాళ్లను పంపించాక అమ్మ చెప్పిన కట్టుబాట్లు నాలుగూ మళ్లీ గుర్తు చేసుకున్నాను. ఆకు పేరు నోటితో పలకకూడదు, పలికితే ఆ చేతికి గుణం పోతుంది. కోసేటప్పుడూ నూరేటప్పుడూ ఎవరూ చూడకూడదు. డబ్బు ముట్టకూడదు. ఎవరి కామెర్లు వారి చేత్తో పోవు.

అమ్మ పోయే రోజు నా చెవిలో చెప్పింది ఇవన్నీ. అప్పుడు నాకు ఇరవై ఐదు. ఇప్పుడు డెబ్బై ఒకటి. ఇన్నేళ్లూ ఆదివారం, గురువారం పొద్దు పొడవకముందే కామెర్లకు పసరు ఇస్తూ వచ్చాను. ఆ తరువాతే మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోయడానికి బస్సెక్కేవాణ్ణి. నాలుగో కట్టుబాటుతో అక్కర ఎప్పుడూ రాలేదు.

ఆకు పేరు ఇక్కడ రాస్తే ఎవరూ చదవరు. అయినా రాయను.

ఈ రోజు వచ్చిన ముగ్గురిలో ఆటో ఆనంద్ బాబు ఒకడు. మనిషి పచ్చగా మాగిపోయి ఉన్నాడు. "గోడవైపు తిరగండి" అన్నాను. నాకు జనంతో మాట్లాడటం చేతకాదు. వారం మొత్తంలో నేను గట్టిగా అనే మాట ఇదొక్కటే. ముగ్గురూ తిరిగారు. నేను పొలం గట్టుకు పోయి కోసుకొచ్చి, నూరి, మజ్జిగలో కలిపి ఇచ్చాను. నూనె వద్దు, మాంసం వద్దు, సారా అసలు వద్దు అని చెప్పాను.

ఆనంద్ బాబు గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"పెదనాయనా, నీ కళ్లు కూడా..."

"బల్బు" అన్నాను.

"బల్బు తెల్లగనే ఉంది గదా."

లోపలికి వచ్చేశాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఒళ్లంతా దురద. కొత్త సబ్బు.

సెప్టెంబరు 6, శనివారం

అందరికీ చేసే పరీక్ష నాకు నేనే చేసుకున్నాను. పొద్దున్నే మూత్రం ఒక డబ్బాలో పట్టి, నాలుగు అన్నం మెతుకులు వేసి దొడ్లో రాయి చాటున పెట్టాను. మధ్యాహ్నం చూస్తే మెతుకులు పసుపు పూసినట్టున్నాయి.

రేషను బియ్యం.

సెప్టెంబరు 7, ఆదివారం

నాలుగేళ్ల కిందట కంట్లో శుక్లాలు తీసినప్పుడు ఇచ్చిన నల్లద్దాలు పెట్టెలో దొరికాయి. పెట్టుకున్నాను. ఇద్దరు వచ్చారు. చీకట్లో నల్లద్దాలతో గట్టు మీదికి పోయి రెండుసార్లు పడ్డాను. మూడోసారి ఆకు దొరికింది.

పక్కింటి మగ్దలీనమ్మ చూసింది. ఫ్యాక్టరీలో నేను రాయి కోస్తే ఆమె పలకలకు చట్రం బిగించేది. ఇప్పుడు కూలికి కలుపు తీస్తుంది.

"ఏందన్నా, సినిమాలో ఏషం ఏమన్నా దొరికిందా?" అంది.

"కన్ను" అన్నాను.

"ఏ కన్ను?"

ఏ కన్ను చెప్పాలో ముందుగా అనుకోలేదు. రెండు వేళ్లు చూపించాను.

సెప్టెంబరు 8, సోమవారం

మా ఆవిడ శేషమ్మ పప్పులో తాలింపు వేయలేదు. నూనె అయిపోయినట్టుంది. గుంటగలగరాకు పచ్చడి చేసింది. అది చేసి ఎన్నేళ్లయిందో.

సెప్టెంబరు 9, మంగళవారం

ఆలోచించాను. నా చెయ్యి నాకు పనికిరాదు. వేరే చెయ్యి కావాలి. ఆ చేతికి ఆకు తెలియాలి. పేరు నేను పలకకూడదు. పలకకుండా తెలిసేట్టు చేయవచ్చు. చూపించకూడదని అమ్మ అనలేదు. చూడకూడదని అంది. అది నేను కోసేటప్పుడు. కోయకుండా ఊరికే నిలబడి ఉంటే తప్పు లేదు.

సాయంత్రం శేషమ్మను పొలం గట్టుకు తీసుకుపోయాను. మొక్క పక్కనే నిలబడి దానివైపు చూశాను. ఆమె ఆకాశంవైపు చూసింది. నేను కాలితో మొక్కను కదిలించాను. ఆమె వెనక్కి తిరిగి కంది చేలోకి చూసింది.

"ఇటు చూడు" అన్నాను.

"ఏంది చూసేది? కంది బాగుంది ఈసారి."

"కింద."

"కింద మన్ను ఉంది. పద, పొద్దుపోయింది."

శేషమ్మకు చూపు బాగా తగ్గింది. కంటి డాక్టరుకు చూపించాలి.

సెప్టెంబరు 10, బుధవారం

పాత పలక ఒకటి తీసి దాని మీద బలపంతో బొమ్మ వేశాను. సన్న కాడ, రెండు వైపులా చిన్న చిన్న ఆకులు, ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు. పలక నిండా బొమ్మ. పొయ్యి దగ్గర పెట్టి బయటికి పోయాను. వచ్చి చూస్తే పలకను బోర్లించి చారు గిన్నె మీద మూత పెట్టింది.

చారు కూడా చప్పగా ఉంది.

సెప్టెంబరు 11, గురువారం

ఆనంద్ బాబు వచ్చాడు. కళ్లు తెల్లబడుతున్నాయి. ఆకలి అవుతోందట. "నీ చేతి చలవ పెదనాయనా" అన్నాడు. వాడి కళ్లు చూస్తే సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది.

నర్సు సుధారాణి కూడా వచ్చింది. సబ్‌సెంటరు ఆమె. ఎప్పుడూ వచ్చేది కాదు.

"తాతా, ఆ అద్దాలు ఒకసారి తియ్యి."

"ఎండ."

"ఇంకా తెల్లారనే లేదు. ఎండ యాడుంది?"

"వస్తది."

కామెర్లన్నీ ఒక రకం కాదని, కొన్నిటికి ఆకు పనిచేయదని, రక్తం చూపించుకోవాలని గోడకు చెప్పినట్టు చెప్పింది. పసరు కోసం వచ్చినవాళ్లకు చెబుతోందనుకున్నాను. నావైపే చూస్తోంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

కుడి డొక్కలో నొప్పి. గంటసేపు ఉండి పోయింది. గ్యాసు.

రాత్రి ముల్లంగి ఆకు కూర, మజ్జిగ. ఉప్పు లేదు. "నూనె తెచ్చుకుందాం" అన్నాను. "నూనె ఉంది" అంది శేషమ్మ. ఉంటే ఎందుకు వేయదో అడగలేదు.

సెప్టెంబరు 13, శనివారం

గిద్దలూరు దిక్కున నరసింహులు అని ఒకాయన కామెర్లకు మందు ఇస్తాడని విన్నాను. ఆయనవి మంగళ, శనివారాలు. పరగడుపున పోతే చాలట, పొద్దెక్కినా ఇస్తాడట. శేషమ్మతో కంభంలో పెళ్లిచూపులు ఉన్నాయని చెప్పాను. "ఎవరికి?" అంది. ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. "ఉన్నాయి" అని బస్సెక్కాను.

ఆయన వాకిట్లో ముప్పై మంది ఉన్నారు. ఆయన గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. నా వంతు వచ్చింది.

"ఏ ఊరు?"

"దర్శి."

"అద్దాలు తియ్యి." తీశాను. "ఓరి నాయనో! ముదరబెట్టుకోని వచ్చినావే. అంత దూరం నుంచి వచ్చినావు, దోవలో తర్లుపాడు దిక్కున గురుస్వామి అని ఒకాయన ఉన్నాడంట గదా. ఆయన కాడికి పోకపోయినావా?"

నా పేరు నా ఎదుట ఇంకొకరు అంటుంటే అద్దాలు మళ్లీ పెట్టుకున్నాను.

"పోయాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనడు."

"అంతేలే. మూగోడంట పాపం. చెయ్యి మాత్రం మంచిదంట."

మూగవాణ్ణి కానని చెప్పాలని ఉంది.

గ్లాసు ఇచ్చాడు. నాలుక మీద పడగానే తెలిసింది. మా ఆకే. మిరియాలు వేశాడు, అంతే తేడా. నలభై ఆరేళ్లుగా నేనూ చనిపోయిన మా అమ్మా తప్ప ఎవరికీ తెలియని ఆకు. గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. "చేదుగా ఉందా?" అని నవ్వాడు.

బయటికి వచ్చి అద్దాలు తీసి ముఖం తుడుచుకుంటుంటే గేటు పక్కన ఫ్లెక్సీ కనపడింది. ఒక పక్క నరసింహులు నమస్కారం పెడుతూ ఉన్నాడు. ఇంకో పక్క మా ఆకు. నా అంత ఎత్తు ఉంది. కాయలతో సహా. దాని కింద పెద్ద అక్షరాలు. చదవకుండా వెంటనే కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకునే నడిచాను. ఎవరిదో గేదె తగిలింది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

పసరుకు వచ్చినవాళ్లు పోయాక శేషమ్మను అడిగాను. పెళ్లయి నలభై ఐదేళ్లు కావస్తోంది, ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఈ రోజు పెంచాను.

"ఎవరు చెప్పినారు?"

"ఏంది?"

"గిద్దలూరాయనకు ఆకు ఎట్ల తెలిసింది?"

"ఓహో, కంభం పెళ్లిచూపులు గిద్దలూరులో అయినాయా?" అని చేట పక్కన పెట్టింది. "ఎవరన్నా చెప్పాల్నా అది? ఊరంతా తెలుసు. నువ్వు గట్టు మీద వంగినావంటే ఈడికే కనపడతది. నేను కాపురానికొచ్చిన వారానికే చూసినా."

"చూసినావా?"

"కనపడితే ఏం చెయ్యాల? ఆ రోజు నుంచి ఆ టయానికి అటు తిరిగి కళ్లాపి చల్లుతన్నా."

గొడవ విని మగ్దలీనమ్మ ప్రహరీ మీదుగా తల పెట్టింది. శేషమ్మ ఆమెనే సాక్ష్యం అడిగింది.

"ఏం వదినా, నీకు తెలుసా లేదా?"

"నా పెళ్లికి ముందు నుంచి తెలుసు" అంది మగ్దలీనమ్మ. "అన్నా, కోపం చేసుకోబాక. కలుపు తీసేటప్పుడు మా ముఠా అంతా ఆ ఒక్క మొక్కను పీకకుండా వదిలేస్తం, నువ్వు నడిచే గట్టెంబడి. కొత్తగా వచ్చిన పిల్లలకు కూడా మొదటి రోజే చెప్తం, ఇది గురుస్వామన్నది, ముట్టాకండి అని. రైతులు తిడతారు గూడా, గట్లు శుభ్రంగా లేవని."

వానలు సరిగా లేని ఏడు కూడా ఆ గట్టు మీద ఆకు ఎందుకు దొరికేదో ఇన్నాళ్లూ నాకు తెలియదు. అమ్మ పుణ్యం అనుకునేవాణ్ణి.

"తెలిసినప్పుడు మీరే నూరుకొని తాగొచ్చు గదా. నా కాడికి ఎందుకు?"

"మేం నూరుకుంటే పత్యం ఎవరు చెప్తారన్నా? సారా మానమని మా ఆయనకు నేను చెప్తే ఇంటాడా? నువ్వు చెప్తే నలభై రోజులు మానినాడు. నువ్వు మాట్లాడేదే తక్కువ, అందులో మమ్మల్ని ఒక మాట అన్నావంటే ఊరికే అనవని భయం."

శేషమ్మ దగ్గరికి వచ్చి నా నల్లద్దాలు తీసేసింది.

"పన్నెండు రోజుల నుంచి చూస్తన్నా. ఇంక చాలు. సుధారాణి కాడికి పోదాం పద."

నేను పోలేదు. దొడ్లోకి పోయి కూర్చున్నాను. ఊరంతా గోడవైపు తిరిగింది తమకు ఆకు తెలియకూడదని కాదు. నేను సిగ్గుపడకూడదని.

సెప్టెంబరు 15, సోమవారం

మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. ఎవరితోనూ.

సెప్టెంబరు 17, బుధవారం

మౌనం పట్టి మూడు రోజులైంది. ఎవరూ గమనించలేదు.

సెప్టెంబరు 18, గురువారం

నలుగురు వచ్చారు. నేను తలుపు తీయలేదు. వాళ్లు వాకిట్లోనే గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారట. చెప్పకుండానే. శేషమ్మ సుధారాణి దగ్గరికి పంపించింది.

ఊరికి విషయం తెలిసిపోయింది. ఒకరు ఎండబెట్టిన నేలవేము తెచ్చారు. ఒకరు ఉసిరికాయలు. ఒకరు చెరకు. తిప్పతీగ ఎవరో ప్రహరీ మీదుగా విసిరిపోయారు. బీట్‌రూటు రసం లివరుకు మంచిదని ఆనంద్ బాబు ఫోనులో చూశాడట, ఆటోలో బస్తా తెచ్చి దించాడు. మా ఆకు మాత్రం ఎవరూ తేలేదు. అది నా ఎదుట పట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

మలం సున్నంలా తెల్లగా ఉంది. నలభై ఆరేళ్లలో ఇలా ఉందని ఇద్దరు చెప్పారు. ఇద్దరినీ ఆసుపత్రికి పొమ్మన్నాను. ఒకాయన పోలేదు.

ఆయన గురించి రాయను.

సెప్టెంబరు 20, శనివారం

నొప్పి లేదు.

ఉంది.

సెప్టెంబరు 24, బుధవారం. ఒంగోలు

ఆసుపత్రిలో రాస్తున్నాను. చేతికి సూది ఉంది, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

ఆదివారం పొద్దున చలి, జ్వరం. పళ్లు టకటక కొట్టుకున్నాయట. ఆనంద్ బాబు ఆటోలో వేసుకుని మార్కాపురం తెచ్చాడు, అక్కడ స్కానింగు తీసి ఇక్కడికి పంపించారు. పిత్తం తిత్తిలో రాళ్లు. వాటిలో ఒకటి జారి గొట్టానికి అడ్డం పడింది. అందుకే పచ్చ.

మగ్దలీనమ్మ మా వెంటే వచ్చింది. డాక్టరు రాయి అనగానే నవ్వింది. "నలభై ఏండ్లు ఫ్యాక్టరీలో రాళ్లు కోసినావు గదన్నా, ఒకటన్నా ఇంటికి తెచ్చుకోకుండా ఉంటావా?" శేషమ్మ కూడా నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

డాక్టరమ్మ చిన్నపిల్ల. శ్రీకాకుళం నుంచి వచ్చిందట. మధ్యాహ్నం కాగితాలు పట్టుకొని వచ్చింది.

"తాతగారూ, రేపు నోట్లోంచి గొట్టం వేసి ఆ రాయి తీస్తాం. ఈ నెలలో ఏమైనా ఆకు మందు తాగారా?"

తల ఊపాను.

"ఏ ఆకు?"

నేను సూది ఉన్న చేతివైపు చూశాను.

"పేరు చెప్పండి. లివరు లెక్కలు ఎక్కువగా ఉన్నాయి, రక్తం గడ్డకట్టడం కూడా ఆలస్యమవుతోంది. అది రాయి వల్లనా, మందు వల్లనా అన్నది నాకు తెలియాలి. తెలియకుండా ఎలా తీసుకెళ్తాను?"

చెబితే చెయ్యి పోతుంది. ఊరికి ఇంక పసరు లేదు. చెప్పకపోతే నేను పోతాను. పోతే చెయ్యి ఎటూ పోతుంది. లెక్క తేలికే. నోరు మాత్రం తెరుచుకోలేదు.

శేషమ్మ నా ముఖం చూసింది. లేచి నిలబడి, "చెప్పయ్యా. నేను ఇనను" అని గోడవైపు తిరిగి చెవుల మీద కొంగు కప్పుకుంది. మగ్దలీనమ్మ కూడా తిరిగింది. తిరిగి, పక్క మంచం దగ్గరున్న ఆవిడతో, "అమ్మా, నువ్వు గూడా అటు తిరుగు" అంది.

"నేనెందుకమ్మా?"

"తిరగమంటే తిరుగు తల్లీ. పుణ్యముంటది."

ఆవిడ తిరిగింది. మంచం మీద ఉన్న ఆయన కూడా సెలైన్ గొట్టంతో సహా తిరిగాడు. అటు వరసలో వాళ్లకు ఏం అర్థమైందో, వాళ్లూ తిరిగారు. ఊడ్చే ఆమె చీపురు పట్టుకొనే తిరిగింది. వార్డులో నన్ను చూసే మనిషి డాక్టరమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె చుట్టూ చూసి తనూ తిరగాలా అన్నట్టు సగం కదిలింది. "మీరు వద్దు" అన్నాను.

చెప్పాను.

"ఏంటండీ?"

మళ్లీ చెప్పాను. నలభై ఆరేళ్లు పలకని మాట.

"వినపడలేదు తాతగారూ, కొంచెం గట్టిగా."

"నేల ఉసిరి!"

ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. వరండాలో పోయేవాళ్లు ఆగారు. వార్డులో ఒక్కరూ కదలలేదు.

డాక్టరమ్మ రాసుకుంది. "అంతేనా? ఇంకేమైనా కలిపారా?"

"మిరియాలు. అది నేను కాదు. గిద్దలూరాయన."

"సరే. మా అమ్మమ్మ కూడా ఇచ్చేదండీ అది. తప్పేం లేదు, కానీ రాయి ఆకుకు కరగదు. మీరు మూడు వారాలు ఆలస్యం చేశారు" అని వెళ్లిపోయింది.

సెప్టెంబరు 26, శుక్రవారం

అడ్డం పడిన రాయి నిన్న తీశారు. గొంతు నొప్పి. మాట్లాడవద్దన్నారు. హాయిగా ఉంది.

సెప్టెంబరు 30, మంగళవారం

తిత్తి కూడా తీసేశారు. అందులో ఏడు రాళ్లున్నాయట. సీసాలో వేసి ఇచ్చారు. సెనగ బద్దల్లా ఉన్నాయి, పలక రంగు. మగ్దలీనమ్మ వెలుతురులో పెట్టి చూసి, "చట్రం బిగించడానికి చాలవు" అని తిరిగి ఇచ్చింది.

అక్టోబరు 5, ఆదివారం

ఇంటికి వచ్చి రెండు రోజులైంది. శేషమ్మ ఒక చెంచా నూనెతో తాలింపు వేసింది.

పొద్దున ఇద్దరు వచ్చారు. ఆనంద్ బాబు తెచ్చాడు ఆటోలో. చెయ్యి పోయిందని, పేరు పలికానని చెప్పి పంపేయమన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"డాక్టరమ్మకు చెప్పింది లెక్కలోకి రాదు పెదనాయనా. ఆమెది వేరే జిల్లా."

"వార్డంతా విన్నారు."

"ఎవరు విన్నారు? శేషమ్మ పెద్దమ్మా, నువ్వు విన్నావా?"

"నేను ఇనలే" అంది శేషమ్మ.

ప్రహరీ అవతల నుంచి, ఎవరూ అడగకుండానే, "నేను గూడా ఇనలే" అంది మగ్దలీనమ్మ.

అమ్మ చెప్పిన నాలుగు కట్టుబాట్లకు నేను ఒకటి చేర్చాను. సుధారాణి దగ్గర రక్తం చూపించుకున్న చీటీ లేనిదే పసరు లేదు. కడుపు నొప్పి, జ్వరం, తెల్ల మలం ఉంటే అసలే లేదు, ఆసుపత్రికే. ఇది నోటితో పలకవచ్చు. ఎంత గట్టిగానైనా పలకవచ్చు. వచ్చిన ఇద్దరినీ చీటీ కోసం పంపించాను.

అక్టోబరు 9, గురువారం

చీటీలతో వచ్చారు. ఒకరిని సుధారాణి స్కానింగుకు పంపిందట. రెండో ఆమెకు ఇవ్వవచ్చని చెప్పింది.

కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పొలం గట్టు దాకా నడవలేను. ఏం చేయాలా అని వాకిట్లోకి వస్తే, మెట్టు పక్కన ఒక బుట్ట బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. వేరుతో సహా తెచ్చి నాటిన మొక్క. మన్ను ఇంకా తడిగా ఉంది. శేషమ్మ అటు తిరిగి కళ్లాపి చల్లుతోంది.

గోడవైపు తిరగండి అన్నాను.

అప్పటికే తిరిగి ఉన్నారు.